ఉత్తరం వైపు వెళ్లిన సంచి

రైల్వేలో గుమాస్తాగా రిటైరయ్యాక నాకు రెండు కోరికలు మిగిలాయి: పాసు మీద దేశం తిరగడం, ఆగిపోయిన చదువు పూర్తిచేయడం. మొదటిదానికి మోకాళ్లు ఒప్పుకోలేదు. రెండోదాని కోసం అరవై రెండో ఏట తత్వశాస్త్రం ఎం.ఏ.కి ప్రైవేటుగా ఫీజు కట్టాను. ఉండేది రాయపూర్, పరీక్షలు బిలాస్‌పూర్‌లో. మొదటి ఏడాది అన్నీ గట్టెక్కాయి, ఒక్క తర్కశాస్త్రం తప్ప. కాలనీ సభల్లో నలభై ఏళ్లు జ్యోతిషాన్ని చీల్చి చెండాడినవాడు తర్కంలో తప్పాడు! ఈ సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రెండోసారి తప్పితే చదువు అక్కడితో సరి.

ఆ రెండోసారి మంగళవారం పడింది. బిలాస్‌పూర్ మాకు ఉత్తరం. మంగళవారం ఉత్తరానికి వారశూల, ప్రయాణం కూడదట. అందుకు మా ఆవిడ విజయనగరం పుట్టింటి విరుగుడు తీసింది. దాని పేరు ప్రస్థానం. సోమవారమే మంచి ఘడియలో మన సంచిని ఆ దిక్కున ఉన్న ఇంట్లో పెట్టి రావాలి. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. మర్నాడు వెళ్తూ సంచి తీసుకుపోవచ్చు. సంచికీ మనిషికీ తేడా తెలియని శూలానికి భయపడేదేమిటని నేను ఎప్పుడో వ్యాసం రాశాను.

"సంచి ఇలా ఇవ్వండి."

"ఇవ్వను. తర్కం పరీక్షకి ఇలా వెళ్తే సిగ్గుచేటు."

"పోయినసారి మీ ఇష్టప్రకారమే ఎల్లారు కదేటి. ఏటైంది?"

ఇచ్చేశాను. భార్య నమ్మకాన్ని గౌరవించానని స్నేహితులతో చెప్పుకున్నాను. అది అబద్ధం. భయం వేసింది, అంతే. ఎందుకైనా మంచిదనుకున్నాను. ఈ దేశంలో మూఢనమ్మకాలను బతికిస్తున్నది భక్తులు కాదు, "ఎందుకైనా మంచిది" అనుకునే నాలాంటి పిరికిపందలే.

ఆవిడ సంచిని ఉత్తరాన ఉన్న పక్కింట్లో పెట్టి వచ్చింది; వాళ్లూ మాలాగే రైల్వే తెలుగువాళ్లు. మర్నాడు తెల్లవారి ఆరింటికి వెళ్తే తలుపుకు తాళం. ఎడ్మిట్ కార్డు, కళ్లజోడు రెండూ లోపల ఉన్న సంచిలోనే ఉన్నాయి. ఏడింటి బండి తప్పితే పరీక్ష వేళకు చేరలేను. ఫోన్ చేస్తే పక్కింటావిడ ఊరవతల, మందిర్ హసౌద్‌లో ఉంది.

"మనవడికి జ్వరమని ఫోనొస్తే నాలుగింటికే ఎలిపోనాం, అన్నయ్యగారూ. జల్దీలో మీ సంచి సంగతి గుర్తే లేదు. చాబీ నా దగ్గరే ఉండిపోనాది. పగలగొట్టీయండి, తాలా ఎంతలేటి!"

"అలాగేనమ్మా."

"ఆగండాగండి. సంచి దేవుడి మందిరంలో పెట్టాను. స్నానం చేసి ముట్టుకోండి."

నా తర్కం పుస్తకం రాత్రంతా దేవుడి పటాల మధ్య ఉందన్నమాట! నేను ఆ ఘోరాన్ని తలచుకుంటూ నిలబడ్డాను. మా ఆవిడ పచ్చడిబండ పట్టుకుని వచ్చింది.

"తాళం పగలగొట్టడానికి ముహూర్తం చూడవా?" అన్నాను. ఆ సమయంలో కూడా నోరు ఊరుకోదు.

"పరీక్ష మీదా, నాదా? జరగండి పక్కకి!"

నాలుగు దెబ్బలకు తాళం ఊడింది. సంచి నా భుజాన వేసి ఆటో ఎక్కించింది. కదులుతున్న బండిని పట్టుకున్నాను. మోకాళ్లు రెండు రోజులు నన్ను తిట్టాయి.

పరీక్షలో కార్యకారణ సంబంధం మీద ప్రశ్న వచ్చింది. ఒకదాని తరువాత మరొకటి జరిగితే మొదటిదే కారణమనుకోవడం ఎందుకు పొరపాటో ఉదాహరణతో రాయమన్నారు. ఉదాహరణ భుజాన మోసుకునే వెళ్లాను కదా! ప్రస్థానం గురించి మూడు పేజీలు నిప్పులు చెరిగాను. చివర, "చదువుకున్నవారు కొందరు కూడా ఓటమి భయంతో సంచి ఇచ్చేస్తారు" అని రాశాను. ఆ వాక్యం దగ్గర కలం కాసేపు ఆగింది.

పాసయ్యాను. గీత మీద పాసే, అయినా పాసే. ఫలితం చూసి మా ఆవిడ గర్వంగా ప్రస్థానం ఊసెత్తింది. నేను ఆ మూడు పేజీలూ మళ్లీ మొదటినుంచి అప్పజెప్పాను. అంతా ఓపిగ్గా విని, "అయితే మా ప్రస్థానం వల్లే రాయగలిగారన్నమాట" అంది.

పక్కింటికి కొత్త తాళం కూడా తనే కొనిచ్చింది. ఒక తాళంచెవి మాత్రం మా ఇంట్లోనే పెట్టుకుంది. రెండో ఏడాది పరీక్షలు కూడా మంగళవారమే మొదలట.