గట్టిగా కట్టిన హాప్స్ మూట

కార్ఖానా బస్తీలో మా మేడమీద గదిలో నేనూ నా స్నేహితుడూ ఆదివారాలు బీరు కాచేవాళ్ళం. సారా కాస్తున్నామని కిందింటివాళ్ళ అనుమానం. పెద్ద స్టీలు గిన్నెలో బార్లీ రసం మరుగుతుంటే అందులో హాప్స్ వేయాలి. బీరుకు చేదూ వాసనా ఇచ్చే పువ్వులవి. పొడికొట్టి గుళికలుగా అమ్ముతారు. వేడినీళ్ళు తగిలితే చాలు, విచ్చుకుని పచ్చటి పిప్పి అయిపోతాయి. మా మొదటి బీరులో ఆ పిప్పంతా సీసాల్లోకి దిగింది. తాగిన ప్రతివాడూ పళ్ళు కుట్టుకున్నాడు. సిగ్గుతో చచ్చాం.

ఆ రోజుల్లోనే ఒక పబ్బు ఓనరు మా సంగతి విన్నాడు. ఆయన పబ్బులో బీరు అక్కడే తయారవుతుంది. ఈసారి కాచింది రుచి చూస్తానని, నచ్చితే ఇద్దరినీ పనిలోకి తీసుకుంటానని కబురు చేశాడు. నాకది సరదా. నా స్నేహితుడికి మాత్రం ప్రాణం. మేమిద్దరం పనిచేసే ఇన్సూరెన్స్ ఆఫీసు మెట్లెక్కాలంటే వాడికి రోజూ ఏడుపొచ్చినంత పనయ్యేది. ఇప్పటికీ ఆ మెట్లే ఎక్కుతున్నాడు. నా బాధంతా అదే.

"ఈసారి ఒక్క ఆకుముక్క సుత కనపడొద్దురా," అన్నాడు వాడు.

వాళ్ళమ్మ బిర్యానీకి మసాలా దినుసులు పల్చటి గుడ్డలో మూటగట్టి ఎసట్లో వేస్తుంది. పంటికింద లవంగం తగిలితే వాళ్ళింట్లో పెద్ద గొడవ. మనమూ అట్లనే చేద్దామన్నాడు. రెజిమెంటల్ బజార్ నుంచి మల్లుగుడ్డ తెచ్చాడు. ఉన్న హాప్స్ అన్నీ అందులో పోసి, నేను పట్టుకుంటే, వాడు పురికొసతో బిగించి ముడేశాడు. క్రికెట్ బంతిలా అయింది. లవంగం ఎంత ఉడికినా లవంగమే. హాప్స్ ఉబ్బుతాయి, మెసలడానికి వాటికి చోటు కావాలి. ఆ ముక్క మా ఇద్దరిలో ఒక్క బుర్రకూ తట్టలేదు.

గంట మరిగాక మూట విప్పితే పైపొర మాత్రమే నానింది. మధ్యలో గుళికలు గుళికల్లాగే ఉన్నాయి. విడిగా వేసి మళ్ళీ మరిగిద్దామన్నాను.

"వద్దురా, మళ్ళ పిప్పి పరేషాన్ షురూ అయితది. ఎంత సాఫ్ ఉందో చూడు."

వాడి మొహంలో సంతోషం చూసి ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో!

కొన్ని వారాలకు ఓనరు మా గదికొచ్చాడు. గ్లాసు కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. "మస్తు సాఫ్ ఉంది తమ్మీ," అన్నాడు. వాడు నావైపు చూసి నవ్వాడు. ఆయన ఒక గుక్క తాగాడు. ఆగి ఇంకో గుక్క తాగాడు.

"చూస్తే మంచిగుంది. తాగితే చేదు, వాసన ఏం తెలుస్తలేదు. ఇంకేమన్న చేసిండ్రా?"

"లేదన్నా, ఇదొక్కటే," అన్నాడు వాడు.

ఫ్రిజ్‌లో మొదటి బీరు రెండు సీసాలున్నాయి. ఆ పిప్పి బీరు ఆయన ముందు పెట్టడానికి ఇద్దరికీ మొహం చెల్లలేదు. ఆయన మా భుజాలు తట్టి మెట్లు దిగాడు.

ఏం చేయాలో తోచక ఆ సీసాల్లో ఒకటి తెరిచాం. గదంతా వాసన. ఆకుముక్కలు నాలుకకు తగులుతూనే ఉన్నాయి, ఆ వెనక చక్కటి చేదు.

"ఇది ఇచ్చేది ఉండెరా," అన్నాడు వాడు మెల్లగా.

కింద ఇరుకు సందులో కారు తిప్పుకోలేక ఆయన ఇంకా హారన్ కొడుతూనే ఉన్నాడు. కిటికీలోంచి పిలిస్తే వినపడేది. మేం పిలవలేదు.