బిగించిన మూత

గద్వాలలో స్పీచ్ థెరపీ చెప్పే మేడమ్ నాకు అప్పజెప్పిన పని వినడానికి చాలా చిన్నది. పాపకు ఇష్టమైనదేదైనా లోపలిది బయటికి కనిపించే డబ్బాలో పోసి, తనకు తీయరానంత గట్టిగా మూత బిగించి చేతికివ్వాలి. తెరవమని తను అడిగేదాకా ఆగాలి. మాటే అక్కర్లేదు, చెయ్యి పట్టి లాగినా, మొహంలోకి చూసినా అడిగినట్టే. మనసులో పది లెక్కపెట్టుకుంటూ నోరు మూసుకుని కూర్చోవాలి. అడిగితే కాగితం మీద టిక్కు, లేకపోతే గీత.

మా పాపకు ఐదేళ్లు. ఆటిజం అని తెలిసి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో నా మొహంలోకి తిన్నగా చూసింది లేదు. ఒక్కసారి చూస్తే చాలనుకునేదాన్ని. మొదట్లో ఏడ్చేదాన్ని, తర్వాత అదీ రావడం మానేసింది. ధరూర్ దగ్గరి మా ఊరి నుంచి వారానికి రెండుసార్లు షేర్ ఆటోలో పోయి వచ్చేదాన్ని. రోజూ బియ్యం కడిగినట్టే, ఏ ఆశా లేకుండా ఆ పనీ చేసేదాన్ని.

డబ్బాలో వేయించిన పల్లీలు పోశాను. నెల రోజులు పాప వచ్చి, తనే మూత తిప్పుకుని తిని పోయేది. నా చేతుల్లో బలం లేదేమోనని కొంగు చుట్టి మరీ బిగించాను. ఒకరోజు పొయ్యి దగ్గర నుంచి చూస్తే సంగతి తెలిసింది. నేను అటు తిరగగానే మా అత్త మూత వదులు చేసి పెడుతోంది.

"ఏంది అత్తమ్మా గిది? నెల దినాల సంది నేను పిచ్చిదాన్నా?" అని అరిచాను.

"మనింట్ల పిల్లలు తిండికి అడుక్కోవాల్నా? ఆకలైతదని ముందే చూసి పెట్టుడు మన రివాజు. గా మేడమ్‌కేం తెల్వదు."

నిజమే. పల్లి పీకడానికి వచ్చిన కూలీల పిల్లలకు కూడా అడక్కముందే దోసిట్లో పోసే ఇల్లు మాది. అయినా నాకు ఒళ్లు మండింది.

"అడుగుడు నేర్వకపోతే, రేపు మనం లేన్నాడు దానికి ఎవరు పెడ్తరు?" అన్నాను.

అత్త మర్నాటి నుంచి మూత ముట్టుకోలేదు.

వారం రోజులు పాప డబ్బాతో కుస్తీ పట్టి, నేలకేసి కొట్టి పోయింది. నేను గీతలు గీశాను. బాధగా కూడా అనిపించలేదు.

ఎనిమిదో రోజు డబ్బా పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. అలవాటుగా ఒడిలోని కాగితం మీద చూపు పెట్టి లెక్కపెట్టాను. పది అయ్యేసరికి ఆ చిన్న పాదాలు వెనక్కి తిరిగాయి. గీత గీశాను.

వాకిట్లో కూర్చున్న అత్త లేచి వచ్చింది.

"పిల్ల నీ మొఖంలకు చూసింది. శానాసేపు చూసింది. నువ్వే తల ఎత్తలే."

అప్పుడు కూడా ఏడుపు రాలేదు. సిగ్గేసింది. కాగితం మడిచి అవతల పెట్టాను. పాప గోడకు ఆనుకుని, డబ్బా ఊపుతూ పల్లీల చప్పుడు వింటోంది. వెళ్లి ఎదురుగా, తన మొహంలోకే చూస్తూ కూర్చున్నాను. తను చూడలేదు. పది దాటినా నేను లేవలేదు.