మావిస్ హాగెన్ తూటాలు నింపే బల్ల

మావిస్ హాగెన్ పెరటి నుంచి వచ్చి చేతులు తుడుచుకునేసరికి, అల్లుడు డ్వేన్ వంటింటి బల్ల మీద పేలిన తూటాల ఇత్తడి గొట్టాలను వరుసగా నిలబెట్టి, నేరస్థులను పట్టి తెచ్చిన షెరీఫులా నడుము మీద చేతులు పెట్టుకుని నిలుచున్నాడు. వేట కాలానికి ముందు ఆ లోయలోని వారందరూ రైఫిళ్ళు సరిచూసుకునే ఆగస్టు ఆదివారం అది. డ్వేన్ క్లబ్బు మైదానం నుంచి నేరుగా ఇక్కడికే వచ్చాడు.

"చూడండి అత్తయ్యా, మీరు నింపిన తూటాల నిర్వాకం! పేలిన గొట్టం బయటికి రాకుండా రైఫిలు బోల్టు బిగుసుకుపోయింది. అరచేత్తో కొట్టి కొట్టి ఎత్తాల్సొచ్చింది. నలుగురూ నవ్వారు."

"ఆ నలుగురికీ నువ్వేం చెప్పావు?"

"ఉన్నమాటే చెప్పాను. కంటి ఆపరేషనయ్యాక మా అత్తయ్యకి త్రాసు సరిగ్గా కనిపించడం లేదు, తుపాకి మందు ఎక్కువ పోసేస్తోందని."

మావిస్ ముఖం ఎర్రబడింది. భర్త ఆర్లెన్ ఉన్న రోజుల్లోనూ ఆ ఇంట్లో ఖాళీ గొట్టాల్లో మందు పోసి, గుండు కూర్చి తూటాలు నింపింది ఆమే. ఆర్లెన్ సరదాపడి నింపినవాటిని ఆయన నిద్రపోయాక విప్పి, మళ్ళీ సరిగా నింపిపెట్టిన మనిషి. అలాంటి మనిషిని ఊరంతటి ముందూ గుడ్డిదాన్ని చేశాడు!

"నేనూ, కార్లా కలిసి అనుకున్నాం," అన్నాడు డ్వేన్, గొంతు కాస్త తగ్గించి. "శనివారం వచ్చి ఆ బల్లా, సామానూ మా ఇంటికి పట్టుకుపోతాం. మీకెందుకీ శ్రమ?"

"నా శ్రమ సంగతి నా కూతురూ నువ్వూ కలిసి తేల్చేశారన్నమాట! కూర్చో. నోరు మూసుకుని కూర్చో."

ఆమె భూతద్దం తెచ్చి ఒక్కొక్క గొట్టాన్నీ తిప్పి చూసింది. అడుగున నిప్పు పుట్టించే చిన్న ప్రైమరు బిళ్ళల గుండ్రటి అంచులు చదునై, చుట్టూ ఉన్న ఇత్తడిలో కలిసిపోయి ఉన్నాయి. పక్కనే బోల్టు ముఖం ఒరుసుకున్న చోట మెరిసే మచ్చ. లోపల ఒత్తిడి మితిమీరిందన్నది అబద్ధం కాదు. ఆ నిజాన్ని దాచడం ఆమెకు చేతకాదు. నిజంగా తన కళ్ళేనా?

మిగిలిన తూటాల పెట్టె తీసుకుని నేలమాళిగలోకి దిగింది. డ్వేన్ వెనకే వచ్చాడు. ఆమె ముందు త్రాసును సరిచూసే చిన్న తూకపు రాళ్ళను పెట్టింది. త్రాసు తప్పు చెప్పలేదు. తర్వాత కొన్ని తూటాలను సుత్తిలాంటి పనిముట్టులో బిగించి, నేలకు కొట్టి, గుండు ఊడదీసి, లోపలి మందును తూచింది. ఒక్కదానిలోనూ ఎక్కువ లేదు. గొట్టాల పొడవు కొలిచింది, సాగలేదు. గుండు కూర్చున్న లోతు కొలిచింది; తాను కూర్చోబెట్టినంతే ఉంది.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా," అన్నాడు డ్వేన్ గొణుగుతూ. "మరి బోల్టెందుకు పట్టేసింది?"

ఆమె మిగిలిన తూటాలను తిరిగి సర్దబోయింది. ప్లాస్టిక్ పెట్టె మూత మూసుకోవడం లేదు. ఒక మూల అప్పడంలా వంకర తిరిగి ఉంది.

"ఈ మూత ఎందుకిలా వంగింది?"

"ఏమో. ట్రక్కులోనే ఉంది."

"ట్రక్కులో ఎక్కడ?"

"డాష్‌బోర్డు మీద. ఇంకెక్కడ పెడతారు?"

ఆ లోయలో మగవాళ్ళ సంసారమంతా డాష్‌బోర్డు మీదే ఉంటుంది: చేతితొడుగులు, తూటాల పెట్టెలు, పట్టకారు, కుక్క మెడపట్టీ, సగం తిన్న బిస్కెట్టు. అద్దం వెనక ఎండ దేన్నయినా ఉడికిస్తుంది.

"పొద్దుటి నుంచీనా?"

"నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది."

"మంచులో ఎల్క్ దుప్పుల వేటకని చలికాలంలో పరీక్షించి కుదిర్చిన మందు తూకం అది. నువ్వు దాన్ని అద్దం కింద వేపుడు చేశావు. వేడెక్కిన మందు ఉరవడిగా మండి బోల్టును పట్టేసింది. తప్పు నా కళ్ళదా?"

మర్నాడు ఉదయం, రాత్రంతా నేలమాళిగ చల్లదనంలో ఉన్న తూటాలను, రైఫిలు గొట్టంలో అడ్డేమీ లేదని చూసుకున్నాక, పెరట్లో ఆమె ఎదుటే డ్వేన్ పేల్చాడు. బోల్టు రెండు వేళ్ళతో లేచింది. ప్రైమరు అంచులు గుండ్రంగా నిలిచాయి.

"హమ్మయ్య, తేలిపోయింది!" అన్నాడు డ్వేన్ నవ్వుతూ. "బల్ల మీ దగ్గరే ఉంటుంది లెండి. ఇక వదిలేయండి అత్తయ్యా."

"వదిలేయాలా? చెప్పింది క్లబ్బులో, సర్దుకునేది నా పెరట్లోనా? నలుగురి ముందు అన్నమాట నలుగురి ముందే వెనక్కి తీసుకో. అప్పటిదాకా నీకు నా చేతి తూటా ఒక్కటీ లేదు."

ఆ బుధవారం క్లబ్బులో కాఫీలు తాగుతున్న వేళ డ్వేన్ లేచి నిలుచున్నాడు. చదునైన ప్రైమర్లను చూపించి, మెడ రుద్దుకుంటూ, డాష్‌బోర్డు మీద తూటాలు వేడెక్కిన సంగతి చెప్పాడు. మావిస్ వెనక వరుసలో నిటారుగా కూర్చుని వింది.

"డాష్‌బోర్డు మీదే పెట్టావా?" అన్నాడు ముసలి ఓర్విల్ ఎగతాళిగా. నవ్వబోయి ఆగిపోయాడు. కాఫీ కప్పు కింద పెట్టి, టోపీ వెతుక్కుని, ఎవరి ముఖమూ చూడకుండా బయట తన ట్రక్కు వైపు నడిచాడు. అతని వెనక ఇంకొకరు. ఆ వెనక మరికొందరు.

"డ్వేన్," అంది మావిస్, ఖాళీ అవుతున్న కుర్చీల మధ్య నుంచి. "నా కళ్ళ సంగతి ఇంకా చెప్పలేదు. వాళ్ళు తిరిగొచ్చాక మళ్ళీ లేచి చెప్పు."