టేపు లేని క్యాసెట్

దెయ్యాల కథలు మా ఇంట్లో పనివాళ్ళు చెప్పుకునేవారు. మేము వినేవాళ్ళం కాదు. నేను ఈరోజుకీ నమ్మను. అందుకే జరిగింది జరిగినట్టు మాత్రమే రాస్తున్నాను.

మా తాతగారు శ్రీకాకుళం నుంచి బిలాస్‌పూర్ వచ్చి, రైల్వే కాంట్రాక్టులు చేసి పెద్ద ఇల్లు కట్టారు. నా చేతికి వచ్చేసరికి మిగిలినవి ఆ ఇల్లు, నాన్నగారి నల్ల అంబాసిడర్. తొంభైల్లో, నాన్నగారు పోయిన కొన్నాళ్ళకు, వానలకు ఇంటి కప్పు ఒక మూల కూలింది. కారు అమ్మితే తప్ప కొత్త కప్పు వేయించలేను.

కొంటానన్నవాడు ఆ ఊళ్ళోనే లింగియాడీహ్ పేటలో సామాన్ల కొట్టు పెట్టిన మన తెలుగువాడే. వాళ్ళ నాన్న ఒకప్పుడు మా దగ్గర పనిచేశాడు. తన కొత్త సీడీ ప్లేయర్ నా చేతిలో పెట్టి, అది కారు స్టీరియోలో మోగితేనే బేరం అన్నాడు.

"మా అయ్య ఈ కారు తలుపు తీసీవోడు బాబుగారూ. నాను అందులో పాట ఎట్టుకుని తిరగాల."

నవ్వుతూనే అన్నాడు. నేను మాట ఇచ్చాను. మా ఇంట్లో ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నవాళ్ళు లేరు.

ప్లేయర్‌తో పాటు ఒక ఉత్తుత్తి క్యాసెట్ ఇచ్చాడు. చూడ్డానికి క్యాసెట్టే, లోపల టేపు ఉండదు. దాన్ని స్టీరియోలోకి తోసి, దాని తీగను ప్లేయర్‌కి గుచ్చితే పాట కారులో వినిపిస్తుంది. మా స్టీరియోలో రేడియో లేదు. ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకోండి.

కారు అప్పగించే రోజు సాయంత్రం అమ్మ తానూ వస్తానంది. ఎప్పటిలా తమలపాకుల పెట్టె పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. దారి గతుకులకు పాట తెగి తెగి వస్తోంది. తోర్వా పేట దాటాక రైల్వే గేటు వేసి ఉంది. నాన్నగారు డ్రైవరు పక్క సీట్లోంచి ఆపించేవారు, అలాగే ఇంజను ఆపాను. చిరాకేసి తీగ పీకి, ప్లేయర్‌ని ఒళ్ళో పెట్టుకున్నాను. క్యాసెట్ తీయడం మరిచిపోయాను. స్టీరియోలోంచి సన్నగా గరగర వస్తోంది.

గేటు పడితే నాన్నగారికి కిళ్ళీ కావాలి. గూడ్సు వెళ్ళేలోగా అమ్మ చుట్టి అందించేది. అది వాళ్ళిద్దరి అలవాటు.

ఆ గరగరలోంచి నాన్నగారి గొంతు వినిపించింది.

"ఏటే, ఆకు సుట్టనేదా?"

ఆయన గొంతు ఎక్కడా రికార్డు చేసి లేదు. టేపు దగ్గర మాట్లాడటం తన స్థాయికి తగదనేవారు.

"సుడతన్నాను, ఉండండి," అంది అమ్మ, తడుముకోకుండా. కిళ్ళీ చుట్టి, నా పక్కన ఖాళీగా ఉన్న సీటు వైపు చెయ్యి చాపింది. గూడ్సు పూర్తిగా వెళ్ళిపోయేదాకా ఆ చెయ్యి దించలేదు.

గేటు లేచింది. వెనక లారీ హారన్ కొడుతోంది.

"బండి తిప్పీరా బాబూ," అంది అమ్మ. "మీ నాన్న ఇంకా దిగనేదు."

తిప్పాను. మర్నాడు ప్లేయర్ తిరిగి ఇవ్వడానికి నడిచి వెళ్ళాను. మాట తప్పినందుకు అతను కొట్టు ముందు నలుగురిలో అన్నవన్నీ నిలబడి విన్నాను.

ఆ క్యాసెట్ మాత్రం అడిగి కొనుక్కున్నాను. విప్పి చూశాను, లోపల టేపు లేదు. మళ్ళీ బిగించి ఎన్నోసార్లు పెట్టి విన్నాను. గరగర తప్ప ఇంకేమీ లేదు.

అమ్మ కూడా పోయింది. కప్పు ఇంకా కురుస్తూనే ఉంది. కారు కదలదు, అయినా దాన్ని ఎవరికీ అమ్మెయ్యలేదు. ఆ ముందు సీట్లో ఇంతవరకూ ఎవరినీ కూర్చోనివ్వలేదు.