ఎడమ చేయి వద్దన్నాను

ఎడమ చేయి వద్దని నేను మూడుసార్లు చెప్పాను. జ్వరంలో ఉన్నాను కనుక మొదటిసారి తెలుగులో వచ్చింది. రెండోసారి హిందీలో చెప్పాను. మూడోసారి మాట రాక చేయి వెనక్కి లాక్కున్నాను. అయినా ఆ నర్సు చేయి ముందుకు లాగి, బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టింది. ముఖమంతా కప్పుకుని ఉంది కనుక ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ప్లాస్టిక్ సూటు వీపు మీద నీలం పెన్నుతో, ఆమె పేరు కాబోలు, రెండు గుజరాతీ అక్షరాలు రాసి ఉన్నాయి. వాటిని గుర్తుపెట్టుకున్నాను.

అది సూరత్‌లో కరోనా రెండోసారి వచ్చినప్పటి మాట. అప్పటికి రెండేళ్లుగా నేను వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాను. అందుకోసం ఎడమ మణికట్టు దగ్గర రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారు. రక్తం అక్కడ జోరుగా పారుతుంది, అరచేయి పెడితే సన్నగా గుర్రుమని తగులుతుంది. ఆ గుర్రు ఆగిపోతే ఆ చేయి ఇక సూదికి పనికిరాదు. అందుకే ఆ చేతికి బరువు పెట్టకూడదు, ఇంజక్షన్ ఇవ్వకూడదు, బీపీ చూడకూడదు. ఎడమ చేతిని ఎంచుకున్నది నా పని అడిగి తెలుసుకున్న డాక్టరే. సూరత్ పక్కన పల్సానాలో పవర్‌లూమ్‌లు నడుపుతాను. మా దిక్కు వాటిని సాంచలు అంటాం. తెగిన పోగుకు ముడి వేయాల్సింది కుడి చేయి. "ఎడమది పోతే కుడిదే కోయాలి, జాగ్రత్త" అని ఆయన అప్పుడే చెప్పాడు.

కార్ఖానాలో సాంచలన్నీ ఒకేసారి నడుస్తుంటే చెవికి ఏమీ తెలియదు. ఏ సాంచ తేడాగా ఉందో ఇనుము మీద కుడి అరచేయి పెట్టి చూస్తాం. వణుకును బట్టి బెల్టు వదులయిందో, అడ్డపోగును మోసే నాడె సరిగా పోవడం లేదో తెలుస్తుంది. ఇరవై రెండేళ్లు ఆ పని చేశాను. ఫిస్టులాను కూడా అలాగే చూసుకునేవాణ్ని. పొద్దున లేవగానే, పళ్లు తోముకోకముందే, కుడి అరచేయి ఎడమ మణికట్టు మీద.

వార్డులో పదకొండు రోజులున్నాను. వారానికి మూడుసార్లు జరగాల్సిన డయాలసిస్ రెండేసి సార్లే జరిగింది. ఎడమ చేతిని దుప్పటి కింద దాచుకుని పడుకునేవాణ్ని. అప్పటికే ఆమె పట్టీ కట్టేసింది.

ఇంటికి వచ్చాక నా భార్య తలుపు పక్కన నిలబడి అడిగింది.

"ఏమన్నా తింటవా?"

"ఏది పెట్టినా ఒకటే."

నిజంగానే ఒకటే. పప్పుకూ మజ్జిగకూ తేడా లేదు. బతికి వచ్చినందుకు సంతోషం కలగలేదు, ఏడుపూ రాలేదు. కూర్చోమంటే కూర్చున్నాను.

మూడో రోజు పొద్దున చేయి పెట్టి చూస్తే గుర్రు సన్నబడింది. బెల్టు వదులయిన సాంచలా ఉంది. ఆ రోజు డయాలసిస్ ఉంది. సెంటర్‌లో సూది వేసే టెక్నీషియన్ మా దిక్కు మనిషే, సూరత్‌లో పెరిగాడు.

"జర ఆగు. చెయ్యి బందయితున్నది" అన్నాను.

"కాకా, కరోనా నుంచి లేచొచ్చినవ్. గిట్ల డౌట్లు పెట్టుకోకు. ఏమన్నుంటే మిషనే చెప్తది."

"మిషన్ చెప్పేదాంక ఆగితే అయిపోతది. చెయ్యి పెట్టి చూడు."

"రెండు జతల గ్లౌజులున్నయ్. ఏం తెలుస్తది? ఫటాఫట్ కానియ్, బాహర్ మంది కూసున్నరు."

"గ్లౌజులు తీసి చూడు."

"తీసి నిన్ను ముట్టుకోవాల్నా? నేను మంచిగున్నది నచ్చుతలేదా కాకా?" అని నవ్వాడు. పక్క మంచం మీది ముసలాయన కూడా నవ్వాడు. ఆయన నాతోపాటే రెండేళ్లుగా డయాలసిస్‌కు వస్తున్నాడు. అయినా నవ్వాడు.

నేను చేయి చాపాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను. మిషన్ గంటసేపు మొరాయించింది. ఎల్లుండి రమ్మని సూదులు తీసేశాడు.

మర్నాడు పొద్దున చేయి పెడితే ఏమీ లేదు. కరెంటు పోయినప్పుడు సాంచ ఉన్నట్టు ఉంది. భార్యను లేపాను.

"ఒకపారి ఇక్కడ చెయ్యి పెట్టు."

పెట్టింది. "నాకేం తెలుస్తలేదు."

"తెలుస్తలేదు కాదు. లేదు."

ఆమె చేయి చాలాసేపు తీయలేదు.

రక్తం గడ్డకట్టిందని డాక్టర్ అన్నాడు. ఆ గడ్డను తీయించాలని చూశాడు గానీ కుదరలేదు. కరోనాతో రక్తం చిక్కబడుతుంది, పట్టీ వల్లే అని చెప్పలేం అన్నాడు. పట్టీ వల్ల కాదని కూడా చెప్పలేదు. ఆ వార్డున్న ఆసుపత్రికి ఫిర్యాదు రాశాను. ఆ రెండు అక్షరాలూ ఉన్నవి ఉన్నట్టు గీసి పెట్టాను. అందిందని ఒక్క ముక్క జవాబు వచ్చింది. రెండోసారి రాశాను. అప్పటి సిబ్బంది ఇప్పుడు లేరన్నారు. మూడోసారికి కాగితం తీస్తుంటే నా భార్య చూసింది.

"రాస్తే చెయ్యి తిరిగొస్తదా?"

"రాదు."

"మరెందుకు?"

"మూడుసార్లు చెప్పిన. మూడుసార్లు రాస్తా."

ఆ మూడో కాగితానికి ఆసుపత్రి నుంచి జవాబు రాలేదు.

కొన్ని నెలలు మెడలో గొట్టంతో డయాలసిస్ చేశారు. తర్వాత కుడి చేయి కోసి, ఆ మణికట్టు దగ్గర ఫిస్టులా పెట్టారు. బరువు వద్దన్నారు కనుక సేటు నన్ను సాంచల దగ్గర్నుంచి తీసి బట్ట మడతపెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడ ఫ్యాన్ ఉంది. అందరూ అదృష్టమన్నారు.

ఆపరేషన్ అయిన మర్నాడు ఎడమ అరచేయి కుడి మణికట్టు మీద పెట్టి చూశాను. ఉందో లేదో తెలియలేదు. ఇరవై రెండేళ్లు నేర్చుకున్నది కుడి అరచేయి. ఇప్పుడు గుర్రు దాని పక్కనే ఉంది, కానీ అది వెనక్కి తిరిగి తనను తాను తడుముకోలేదు. ఎడమ చేతికి ఏదో తగులుతుంది. అది నాడి అయినా కావచ్చు, నా వణుకైనా కావచ్చు.

కాబట్టి డయాలసిస్ రోజుల్లో ఆ టెక్నీషియన్ సూది తెచ్చినప్పుడు నేను చేయి చాపను.

"కాకా, నడుస్తున్నదా?"

"నువ్వే చూడు."

అతను గ్లౌజులు తీసి అరచేయి పెడతాడు. మొదట్లో విసుక్కునేవాడు, ఇప్పుడు అలవాటైంది. "మస్తు నడుస్తున్నది" అంటాడు. సరేనని నేను అనను. ముసలాయన మంచంలో ఇప్పుడు వేరే మనిషి ఉన్నాడు, నవ్వడు.

టెక్నీషియన్ చేయి త్వరగా తీసేస్తే మళ్లీ పెట్టమంటాను. పెడతాడు.