మగ్గం గుంతలోని చెమ్మ

నల్లగొండలో గులాబ్‌బీ ఇంటి మేడ మీద గదికి కిరాయికి వచ్చిన నాటి నుంచి రాజమణికి ఒకటే పట్టుదల: తమలపాకు తీగ చావకూడదు. మోత్కూర్ దగ్గరి ఊళ్లో, తమ మగ్గం గుంత అంచున, పగిలిన కుండలో పెరిగిన తీగ అది. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించిన ప్రతిసారీ దాని ఆకులోనే వక్క పెట్టి మొక్కేవారు. మళ్లీ మగ్గం పెట్టుకునే రోజంటూ వస్తే తొలి ఆకు ఈ తీగదే కావాలి. తీగ పోతే ఆ రోజూ రాదని ఆమె మనసులో ఖాయం చేసుకుంది. ఈ మాట భర్త గండయ్యకు చెప్పలేదు. మగ్గం పేరెత్తితే అతను లేచి మెట్లు దిగిపోతాడు.

మగ్గాన్ని వాళ్లు కావాలని వదులుకోలేదు. రోడ్డు వెడల్పు కోసం వచ్చినవాళ్లు గోడలు కొలిచారు, పైకప్పు కొలిచారు, వాకిట్లో వేపచెట్టు చుట్టుకొలత కూడా రాసుకున్నారు. మగ్గం గుంత దగ్గరికి వచ్చేసరికి ఖాళీ జాగా అన్నారు.

"ఖాళీ ఎట్లయితది సారూ? ఆ గుంతల కాళ్లు వెట్టి నేస్తేనే మాకు బువ్వ" అంది రాజమణి.

నిలబెట్టినదానికే విలువ కడతామని, తవ్వినదానికి కట్టమని సెలవిచ్చారు. ఒక కుటుంబం తరాల తరబడి నీళ్లు చల్లి, మట్టి మెత్తి, పోగు తెగకుండా కాపాడుకున్న చల్లదనం అది. దాన్ని ఎక్కడా రాయలేదు. రాయలేదు గనక అది లేనేలేదన్నారు. లేనిదాని మీద హక్కు అడగకూడదన్నారు. మూడు ముక్కల్లో ఒక బతుకును కొట్టివేసి, టేపు చుట్టుకుని వెళ్లారు.

ఇల్లూ గుంతా రోడ్డు కిందికి పోయాయి. ఇప్పుడు గండయ్య బట్టల దుకాణంలో మరమగ్గం చీరలు విప్పి చూపిస్తాడు, మళ్లీ మడత పెడతాడు. రాజమణి గదిలో కూర్చుని ఆ చీరలకే ఫాల్ కుడుతుంది.

ఏప్రిల్ వచ్చేసరికి స్లాబు పెనంలా కాలింది. గదిలో గాలి నాలుక మీది తడిని సైతం లాగేస్తోంది. తీగ ఆకుల అంచులు మాడి ముడుచుకున్నాయి. రాజమణి పొద్దునా సాయంత్రమూ కుండ నిండా నీళ్లు పోసింది. అయినా మాడాయి. ఇంకా పోసింది.

మిరపకాయలు ఆరబోయడానికి మేడెక్కిన గులాబ్‌బీ నవ్వింది. "ఎప్పుడు జూసినా తాపుడేనా? జర ఊపిరి వీల్చుకోనియ్యి దాన్ని."

"ఎండుతాంది గదా ఆపా, తాపకపోతే ఎట్ల?"

"నా పాన్‌దాన్‌లకు ఆకిస్తవనుకున్న. గిది నాకంటె ముందుగాలనే పోయేటట్టున్నది."

రాజమణి తీగ మొదలు కదిపింది. అది ఊడి చేతికి వచ్చింది. వేళ్లు నల్లబడి, కుళ్లి, మురుగు వాసన కొట్టాయి.

ఆ వేళ్లను పట్టుకుని కూర్చున్నప్పుడు ఆమెకు అత్త నర్సింగమ్మ గుర్తుకొచ్చింది. కొత్త కోడలుగా వచ్చిన ఎండాకాలంలో పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతుంటే, రాజమణి చెంబెడు నీళ్లు తెచ్చి పడుగు మీదే చల్లింది. గంజి కరిగి పోగులన్నీ ఒకదానికొకటి అంటుకున్నాయి.

"పోగు మీద వోస్తవానే పిల్లా!" అని అత్త నెత్తి కొట్టుకుంది. "దూప పోగుకు గాదు, గాలికి. గాలికి తాపు. పోగు అదే మెత్తవడ్తది."

తరువాత ఆమే గుంత గోడలకు నీళ్లు కొట్టి, కిటికీకి తడి గోనె కట్టి చూపించింది. ఇన్నేళ్ల తరువాత రాజమణి అదే తప్పు మళ్లీ చేసింది.

తీగలో కుళ్లు ఎక్కని ముక్క ఒక్కటే మిగిలింది. దాన్ని కోసి కొత్త మట్టిలో నాటింది. వెడల్పాటి తొట్టిలో ఇటుక ముక్కలు పరిచి, అవి మునగనంత వరకే నీళ్లు పోసి, వాటి మీద కుండ పెట్టింది. కుండ అడుగుకు నీరు తగలదు, చుట్టూ గాలికి మాత్రం తడి అందుతుంది. కిటికీకి తడి గోనె కట్టి, ఆ తడి ఆరకుండా ఫ్యాను ఆపింది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన గండయ్య చొక్కా విప్పి విసురుకున్నాడు. "ఫ్యాన్ ఎందుకు బందు వెట్టినవే? నేను ఆకుకన్న అగ్గువైననా?"

"నీకు నోరున్నది, అడిగి పెట్టించుకుంటవు. దానికి లేదు."

కింది నుంచి గులాబ్‌బీ కేక వేసింది. "రాజమణీ, నా గోడలకు చెమ్మ వడితే సున్నం ఎవలేస్తరు?"

"పొద్దుగాల కిటికీ తెరుస్తున్న ఆపా! కొత్త గాలి రాకుంటె ఆకుకు మచ్చలొస్తయి. నీ గోడకన్న నాకే ఫికర్ ఎక్కువ!"

ముక్క చాలా రోజులు ఉలకలేదు, పలకలేదు. ఎండలేదు కూడా. ఆమెకు అంతే చాలనిపించింది.

ఒక మధ్యాహ్నం గోనె తడిపి స్టూలు మీద ఫాల్ కుట్టడానికి కూర్చుంది. తడి గోనె వాసన, తడి ఇటుక వాసన కలిసి గదంతా నిండాయి. అన్నానికి వచ్చిన గండయ్య గడపలోనే ఆగిపోయాడు. స్టూలు కింద ఆమె పాదాలు ఒకదాని తరువాత ఒకటి, లేని మగ్గం తొక్కుడు చెక్కలను తొక్కుతున్నాయి. ఆమెకు తెలియదు.

మెట్లు దిగిపోతాడనుకోవలసిన మనిషి దిగలేదు.

"ఎడమ కాలు గట్టిగ వడ్తాంది" అన్నాడు మెల్లగా. "ఎప్పటికీ గంతే నువ్వు."

రాజమణి ఉలిక్కిపడి పాదాలు ఆపింది. వాటి కింద టైల్స్ గట్టిగా, నున్నగా తగిలాయి. ఆ టైల్స్ కింద గులాబ్‌బీ వంటగది. తవ్వడానికి భూమి లేదు.

గండయ్య తొట్టి పక్కన గొంతుక్కూర్చున్నాడు. కణుపు దగ్గర లేత ఆకు విచ్చుకుని ఉంది. అంచున ఎక్కడా మాడలేదు. అతని వేళ్లు తొడిమ దాకా వెళ్లాయి.

"తెంపుదమా?"

"తెంపి యాడ వెడుదం?" అంది రాజమణి.

అతను తొడిమ మీది నుంచి వేళ్లు తీసేశాడు. తరువాత లేచి, ఒక మూల ఆరిపోతున్న గోనెను కిటికీ నుంచి విప్పి, బకెట్లో ముంచాడు.