బస్సు వెనక సూపర్‌చార్జర్

మా ఆవిడ అన్న మాట మీద నిలబడే మనిషి. అందుకే ఆ ఆదివారం పొద్దున్నుంచీ నాకు గుబులుగానే ఉంది. "ఈ బండి ఒక్కరోజు ఇంటి పనికొచ్చిందని చూపించండి. రాలేదా, రేపు అమ్మకానికి పెట్టేస్తున్నారు" అని తేల్చి చెప్పింది.

బండంటే మామూలుది కాదు, సూపర్‌చార్జరున్న స్పోర్ట్స్ బైకు. ఇంజన్లోకి గాలిని బలవంతంగా కుక్కే యంత్రం అందులో ఉంటుంది. మొదటి గేరులోనే వంద దాటేస్తుంది. మిగతా గేర్లతో నాకింకా పెద్ద పరిచయం లేదు. తెనాలిలో ఉండేవాడికి ఇదెందుకని అడగని మనిషి లేడు. వేగంలో ఉండగా యాక్సిలరేటరు వదిలితే పిచ్చుకల గుంపు లేచినట్టు కిచకిచమంటుంది. ఆ చప్పుడు కోసమే కొన్నాను. అంతకంటే మర్యాదైన కారణం వెతికాను గానీ దొరకలేదు. తెల్లవారుజామున బాపట్ల రోడ్డు మీద కాసేపు అది వింటే వారమంతా ఆఫీసులో ఎవరి మీదా కోపం రాదు. ఆ కాసేపు పోతే మిగిలినవి స్పీడుబ్రేకర్లు, గేదెలు, సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం.

పరీక్ష రేపల్లె దగ్గర మా మామగారి ఊళ్లో. ఆ రోజు అక్కడి చర్చిలో కోత పండుగ. తొలి పంటలో దేవుడి భాగమని వడ్లబస్తా, గుమ్మడికాయ, కోడిపుంజు, ఎవరికున్నది వాళ్లు తెస్తారు. ఆరాధన అయ్యాక ఆవరణలో అవన్నీ వేలం వేస్తారు. పీటముక్కంత వెనక సీటు మీద మా ఆవిడ పట్టుచీరతో, దారంతా నా నడుం గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఇంజన్ వేడికి నా తొడలు మాడిపోయాయి.

"హాయిగా ఉంది కదా!" అన్నాను ఊరు చేరగానే.

"ముందు దిగనివ్వండి" అంది.

వేలం మొదలయ్యేలోగా ఊరు ఊరంతా బండి చుట్టూ మూగింది. ఆ పొగడ్తలకి నా కాళ్లు నేల మీద నిలవలేదు. అంతలో మా మామగారు పెరట్లో కొట్టి తెచ్చిన అరటిగెల పాటకొచ్చింది. మామగారి కానుక ఇంకొకరి పాలైతే ఆ ఊళ్లో అల్లుడు తలెత్తుకోగలడా? పోటీకొచ్చిన వాళ్లందరినీ మించి పాడేశాను. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంతకీ దీన్ని ఎట్లా తీసుకెళ్తారండీ?" అంది మా ఆవిడ.

గెల నా నడుం దాకా ఉంది. బండికి క్యారియరు లేదు, డిక్కీ లేదు. వెనక సీటు మీద గెలన్నా పట్టాలి, ఆవిడన్నా పట్టాలి. ఇక్కడే వదిలేద్దామంటే, దేవుడి పేర పాడింది వదిలేస్తారా అని మామగారు నొచ్చుకున్నారు. "బస్సులో అంత గెల నేను మొయ్యలేను. మీరు దాంతో రండి" అని ఆవిడ బస్సెక్కేసింది. మామగారు గెలని తాడుతో బిగించి కట్టి, "నెమ్మదిగా వెళ్లండి అల్లుడుగారూ, కాయలు నలుగుతాయి" అన్నారు.

తెనాలి దాకా ఆ బస్సు వెనకాలే వచ్చాను, దాని పొగ పీలుస్తూ. వెనక అద్దంలోంచి మా ఆవిడ, పక్క సీట్లలో ఆడవాళ్లు నన్ను చూసి ఒకటే నవ్వు. మధ్యలో ధాన్యం కుప్పలు అయిపోయి ఖాళీ రోడ్డు వచ్చింది. డ్రైవరు చెయ్యి బయటపెట్టి దారి కూడా ఇచ్చాడు. అబద్ధమెందుకు, నా చెయ్యి దురద పెట్టింది, బండి కాస్త పక్కకి తీశాను కూడా. కానీ బస్సు అద్దంలో ఆవిడ నవ్వు ఆగిపోవడం కనబడింది. మళ్లీ బస్సు వెనక్కే చేరాను.

బస్టాండులో ఆవిడ దిగేసరికి నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఓడిపోయాను. రేపే అమ్మేద్దాంలే" అన్నాను.

"ఇది ఇంటికి పనికిరాదని కొన్న రోజే తెలుసండి నాకు" అంది. "పొద్దున్నే మీరు దీన్నేసుకుని వెళ్తే, తిరిగొచ్చేదాకా నాకు టీ గొంతు దిగదు. ఇవాళ దారిచ్చినా మీరు వెళ్లలేదు. ఉంచుకోండి."